కొలిచినవాళ్ళు, అడిగినవాళ్ళు

పెదకాకాని చుట్టుపక్కల మిరప కోతలు మొదలైతే మా ఎరుకల ఆడవాళ్ళు తెల్లవారుజామున అయిదింటికే ఆటో ఎక్కుతారు. తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో క్యారేజీతో, ఏమీ తినకుండానే బయల్దేరతారు. పొలంలో పదింటికి మేస్త్రీ కేకేస్తేనే అన్నం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నామంటే, మా చిన్నమ్మ కూతురికి మూర్ఛ మాత్రలు రాసిన ఆసుపత్రిలో మూడేళ్ళపాటు దీన్ని ఎవరూ అడగలేదు.

ఆ కథ చెప్పాలంటే వందేళ్ళు వెనక్కి పోవాలి. వైద్యం చదివినవాళ్ళు మమ్మల్ని తెలుసుకోవాలనుకోవడం కొత్తేమీ కాదు. దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చువేసిన ఎడ్గార్ థర్‌స్టన్ లండన్‌లో వైద్యం చదివాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉంటూ మద్రాసు మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం కూడా చెప్పాడు. మనుషుల్ని నిలబెట్టి తల పొడవెంత, ముక్కు వెడల్పెంత అని కొలిచాడు. ఆ విద్యను పోలీసులకూ నేర్పాడు. ఆ సంపుటాల్లో మా గురించి బోలెడు రాశాడు. ఎరుకల భార్యకు నొప్పులు రాగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో మంచమెక్కుతాడని, బిడ్డను కడిగి అతని పక్కన పడుకోబెడతారని ఒక పాద్రీ రాసిన వింతను అందులో చేర్చాడు. మా ముసలివాళ్ళను అడిగితే కొందరు విన్నామన్నారు, కొందరు పగలబడి నవ్వారు. దాని పక్కనే మా దొంగతనాల వర్ణన. చదివిన అధికారికి మేము సగం వింతగా, సగం నేరస్తులుగా కనపడి ఉంటాం.

1871 నాటి నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికింద మావాళ్ళ సెటిల్‌మెంటు వెలిసింది. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో మొదలైంది. అప్పటికి ఈ చట్టం మా మీద ఇంకా అమల్లోనే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. అంటే ఈ ప్రాంతపు మొదటి డాక్టర్లు పాఠాలు మొదలుపెట్టిన ఏడాది మా తాతల పేర్లు పోలీసు రిజిస్టర్లలోనే ఉన్నాయి. పేరేంటి, ఏ కులం, ఏ ఊరు, ఎందుకొచ్చావు? ఓపీ చీటీ కిటికీ దగ్గర వినపడే ఈ ప్రశ్నలు మావాళ్ళకు మొదట హాజరు పట్టీ దగ్గరే పరిచయం. మా అవ్వ చివరిదాకా ఆసుపత్రిలో అసలు ఊరి పేరు చెప్పలేదు. డాక్టరు దాన్ని మతిమరుపు అనుకున్నాడు.

ఇక మా చెల్లెలి సంగతి. ఆసుపత్రి పేరు మనకొద్దు. మొదటిసారి వెళ్ళినప్పుడు వైద్య విద్యార్థి ఒకడు, మన తెలుగు పిల్లవాడే, కులం విని తల పంకించాడు. "పంది మాంసం తింటారు కదా" అని రాసేసుకున్నాడు. మెదడులో బద్దెపురుగు తిత్తులు చేరితే మూర్ఛ వస్తుందని అతను చదివింది నిజమే. కానీ పాఠంలో సగమే గుర్తుంది. సరిగా ఉడకని మాంసం తింటే పురుగు పేగులోకి వస్తుంది. మెదడుకు చేరే తిత్తులు మాత్రం ఆ పురుగు గుడ్ల నుంచి వస్తాయి. ఆ గుడ్లు పురుగున్న మనిషి మలం నుంచి, కడగని చేతుల మీదుగా, నీళ్ళు, కూరగాయల మీదుగా చేరతాయి. మాంసం ముట్టనివాళ్ళకూ వస్తాయి. స్కాన్‌లో తిత్తులేమీ కనపడలేదు. అయినా చీటీ మీద పందులు మూడేళ్ళూ అలాగే ఉన్నాయి. ఫిట్స్ తగ్గకపోతే, "మీరు మాత్రలు మింగరు, భూతవైద్యుల దగ్గరకు పోతారు" అన్న తిట్లు. ఆమె ఏ భూతవైద్యుడి దగ్గరకూ పోలేదు. పొద్దున, రాత్రి, తిన్నాక వేసుకోమన్నారు. పొద్దున ఇంట్లో తినదు కాబట్టి వేసుకోలేదు. అంతే. మిరప చేలో పడిపోయి పళ్ళు విరగ్గొట్టుకుంది.

ఇది మా ఒక్కరి గోడు కాదని తరవాత ఒక పుస్తకం వల్ల తెలిసింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మెర్సెడ్ అనే ఊళ్ళో లియా లీ అనే పాప ఉండేది. లావోస్ కొండల నుంచి శరణార్థులుగా వెళ్ళిన హ్మోంగ్ తెగవాళ్ళ బిడ్డ. ఆమెకూ మూర్ఛే. డాక్టర్లు మందులు మాటిమాటికీ మార్చారు. తల్లిదండ్రులకు చదవడం రాదు. మాట దాటించే మనిషి చాలాసార్లు లేడు. మందులు వేయడం లేదని పాపను కొన్ని నెలలు వేరే ఇంట పెట్టారు. చివరికి 1986లో పెద్ద మూర్ఛ వచ్చి ఆమె స్పృహ మళ్ళీ తిరిగి రాలేదు. డాక్టర్లు మంచివాళ్ళే, తల్లిదండ్రులు ప్రాణంగా చూసుకున్నవాళ్ళే. ఆన్ ఫాడిమన్ 1997లో రాసిన ఈ కథను ఇప్పుడు అక్కడి వైద్య విద్యార్థుల చేత చదివిస్తున్నారు. మరుసటి ఏడాదే మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు, ఒక్కో తెగ అలవాట్లను బట్టీపట్టి పరీక్ష రాస్తే చాలదని, తనకు తెలియదని ఒప్పుకోవడం డాక్టరు జీవితాంతం నేర్చుకోవాలని రాశారు. పందుల గురించి రాసుకున్న ఆ పిల్లవాడు బట్టీపట్టినవాడే.

మన దేశంలో 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో నడవడిక, నీతి, మాటతీరు కూడా పాఠాలయ్యాయి. మొదటి నెల తరగతుల్లో స్థానిక భాషకూ చోటిచ్చారు. మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట్లకు దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు కాబట్టి ఇది అవసరమే. 2022 నుంచి విద్యార్థులు కుటుంబాలను దత్తత తీసుకుంటున్నారు. దత్తత అన్న మాట మాకు నవ్వు తెప్పించింది. పిల్లలున్న ఇంటిని పద్దెనిమిదేళ్ళ పిల్ల దత్తత తీసుకోవడమేంటి? ఇక డాక్టర్ అభయ్ బంగ్ ఆధ్వర్యంలో 2018లో వచ్చిన గిరిజన ఆరోగ్య నివేదిక, దేశంలో సగానికి పైగా ఆదివాసులు గిరిజనులు ఎక్కువగా ఉండే మండలాల బయటే ఉన్నారని చెప్పింది. పాఠాల్లో ఆదివాసి అంటే అరకు, అడవి. గుంటూరు నల్లరేగడిలో మిరప కోసే ఎరుకల మనిషి, చెరువు గట్టున ఉండే యానాది మనిషి ఆ బొమ్మలో పట్టరు.

మా చెల్లెలికి మేలు చేసింది వేరే రాష్ట్రపు అమ్మాయి. తెలుగు కూడబలుక్కుంటూ మాట్లాడేది. ఎరుకల అంటే ఏమిటో తెలియదు, అందుకే ఊహించుకోలేదు. "అక్కా, పొద్దున లేచి నుంచి పడుకునేదాకా ఏం చేస్తావు, చెప్పు" అంది. చెల్లెలు ఆటో, క్యారేజీ, పదింటి అన్నం, అన్నీ చెప్పింది. ఆ అమ్మాయి వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టి, పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్ళి వచ్చింది. పొలంలో అన్నం తిన్నాక ఒకటి, రాత్రి పదింటికి ఒకటి. పడిపోతే ఏం చేయాలో మేస్త్రీకి చెప్పమంది. నోట్లో ఏమీ పెట్టొద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టమని కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది.

ఎరుక చెప్పే మా అవ్వలు కూడా చెయ్యి పట్టుకోగానే జాతకం విప్పేవాళ్ళు కాదు. ఎక్కడి నుంచి వచ్చావమ్మా, ఇంట్లో ఎవరెవరున్నారు అని ముందు మాట్లాడించేవాళ్ళు.

ఈ ఏడు కోతలకు చెల్లెలు మాత్రను కొంగు చివర ముడేసుకుని పోతోంది. ఆ బొమ్మ కాగితం మేస్త్రీ చొక్కా జేబులో నాని చిరిగితే, మా బడి పిల్లల చేత మళ్ళీ గీయించి ఇచ్చాం.