బొమ్మల ఊరు లేని సీమ

కొయ్యబొమ్మ అనగానే కొండపల్లి అంటారు. లక్కపిడతలు అనగానే ఏటికొప్పాక అంటారు. ఒకటి బెజవాడ పక్కన కొండ కింద, మరొకటి తుని దాటాక వరాహ నది ఒడ్డున. నడుమ ఉన్న మా గోదావరి డెల్టాకి అలా చెప్పుకోదగ్గ బొమ్మల ఊరు లేదు. చీరకి ఉప్పాడ ఉంది, లేసుకి నరసాపురం, మొక్కకి కడియం, కలానికి రాజమండ్రి రత్నం ఉన్నాయి. తోలుబొమ్మలకి సామర్లకోట దగ్గర మాధవపట్నం ఉందనుకోండి, అవి తెర వెనక ఆడించేవాళ్ళవి, పిల్లల చేతికిచ్చేవి కావు.

దీనికి కారణం కర్రే అని నా అనుమానం. కొండపల్లి వాళ్ళకి తెల్లపొణికి, ఏటికొప్పాక వాళ్ళకి అంకుడు. రెండూ మెట్ట అడవుల్లో, కొండ వాలుల్లో పెరిగే మెత్తని చెట్లు. మా దగ్గర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీరందిన ప్రతి చెక్కా వరిచేనైంది. గట్ల మీద మిగిలినవి కొబ్బరి, తాడి, తుమ్మ, గంగరావి. పైనుంచి గోదారి మీద దిగిన టేకు రాజమండ్రి అడితీలకు చేరి గుమ్మాలైంది, దూలాలైంది. అందులో బొమ్మకి మిగిలిన ముక్క తక్కువ.

అంతమాత్రాన మా పిల్లలు ఊరకే కూచోలేదు. ముంజెలు తినేశాక రెండు కాయలకి పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలిస్తే బండి. కొబ్బరాకుతో బూర, వాచీ, కళ్ళజోడు. తాటాకు ముక్కకి తుమ్మముల్లు గుచ్చి పరిగెడితే గాలిమర. ఆడపిల్లలకి తాటాకు బొమ్మల పెళ్ళిళ్ళు. వీటిని ఎవరూ ‘విద్యా బొమ్మలు’ అనలేదు గాని, ఇరుసు వంకరైతే బండి ఎందుకు పక్కకి లాగుతుందో ఏడేళ్ళ వాడికి ముంజెకాయే నేర్పింది. ఇప్పుడు డబ్బాలో పెట్టి అమ్మే ‘మీరే తయారుచేయండి’ కిట్లు చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం ఒళ్ళూ మండుతుంది.

కొనుక్కునే బొమ్మ మాత్రం తీర్థంలోనే. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ ప్రభలు ఒకచోట చేరతాయి. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం కదులుతుంది. పెద్దవాళ్ళకి అవి దేవుడి పనులు. పిల్లలకి తీర్థమంటే జీళ్ళు, బూరలు, బొమ్మలు. అన్నవరం కొండకి వ్రతానికి వెళ్ళినవాళ్ళు ప్రసాదంతో పాటు లక్కపిడతలు తేవడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. చిన్న పొయ్యి, కుండ, రోలు, తిరగలి, అన్నీ అరచేతిలో పట్టేవే. కొండపల్లి బొమ్మలు వేరే దారిన వచ్చేవి. మా వైపు బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీతగాడు దాని కోసమే కొనేవారు.

ఈ తేడాని ఇప్పటి తల్లిదండ్రులు మరిచిపోతున్నారు. ‘దేశీ కొయ్యబొమ్మ’ అని రెండేళ్ళ పిల్లాడి చేతిలో కొండపల్లి ఏనుగుని పెడితే సాయంత్రానికి తొండం ఊడుతుంది. ఆ తప్పు బొమ్మది కాదు. పొణికి దూదిలాంటి కర్ర. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అది మెట్ల మీద నిలబెట్టి చూసుకోవలసిన పని, కింద పడేసి ఆడేది కాదు. ఏటికొప్పాక పని ఇందుకు పూర్తిగా వేరు. అంకుడు కర్రని తరిమెనకి బిగించి, అది తిరుగుతుండగా ఉలితో గుండ్రంగా చెక్కుతారు. తిరుగుతున్న కర్రకే రంగు కలిపిన లక్కకణికని నొక్కి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. మూలలుండవు, మేకులుండవు. పసివాడు నోట్లో పెట్టుకునే గిలక్కాయకి ఇంతకన్నా తగిన పనితనం నేను చూడలేదు. మొగలిపొదలు మా కాలవగట్ల మీదా, సముద్రం ఒడ్డునా బోలెడు. పూవు జడలోకే గాని ఆకు ఎందుకూ పనికిరాదనుకున్నాం మేం.

రంగు సంగతి అడిగి కొనాలి. మధ్యలో ఈ పనిలోకి రసాయన రంగులు దిగాయి. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయ లాంటి వాటితో మళ్ళీ చెట్ల రంగులకి మళ్ళించడానికి ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు దశాబ్దాలు శ్రమపడ్డారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకి పద్మశ్రీ ప్రకటించారు. ఆ మరునాడే ఢిల్లీ గణతంత్ర కవాతులో మన రాష్ట్ర శకటం మీద నడిచింది మా కోనసీమ ప్రభల తీర్థం. రెండేళ్ళకి, 2025లో, అదే దారిన ఏటికొప్పాక బొమ్మల శకటం వెళ్ళింది. తీర్థం ముందు, బొమ్మ వెనక. మా చిన్నప్పుడూ వరస అదే.

దుకాణంలో కొందరు ఐఎస్ఐ ముద్ర లేదని లక్కబొమ్మని పక్కన పెట్టేస్తున్నారు. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఆ ముద్ర తప్పనిసరి, నిజమే. కాని నమోదైన హస్తకళాకారులు చేసినవాటికీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ ఆ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ముద్ర లేకపోవడం దొంగ సరుకన్న గుర్తు కాదు. అయితే మన కళ్ళతో మనం చూసుకోవలసిన భారం పెరిగింది. తడిగుడ్డతో తుడిస్తే రంగు అంటుతోందా? ఊడివచ్చే చిన్న ముక్క ఉందా? మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గోళీ అంత చెంబు, చిటికెన వేలంత రోకలి ఉన్న లక్కపిడతల బుట్ట కూడా అటక మీద ఉండవలసిందే. మన సంప్రదాయం కదా అని గొంతుకి అడ్డం పడకుండా ఉండదు.

ఇక మా ఊళ్ళలోనే చేయించుకోగలిగినవి రెండున్నాయి. డెల్టాలో ప్రతి ఊరికీ వడ్రంగి ఉండేవాడు. మంచం కోళ్ళకి తరిమెన పట్టినవాడే బొంగరమూ చేసిచ్చేవాడు. నడక నేర్చే బిడ్డకి మూడు చక్రాల బండి, ఆడవాళ్ళకి వామనగుంటల పీట అతని చేతివే. వామనగుంటలు రెండు వరసల్లో ఏడేసి. చింతపిక్కలు పంచుకుంటూ పోవాలి, ఎక్కడ ఖాళీ గుంట తగులుతుందో ముందే లెక్కేసుకోవాలి. కూడికా తీసివేతా మధ్యాహ్నపు నిద్ర ఎగ్గొట్టి నేర్చుకునే చోటు అది. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, చేత్తో పట్టుకుని నేర్చుకునే కొయ్య సామగ్రి గురించి ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చారు. ఆ పేరు పెట్టుకున్న బడులు ఇవాళ మా పట్టణాల్లోనూ కనిపిస్తాయి. వాటిలో ఎన్నింట్లో వామనగుంటల పీట ఉందో అడిగి చూడండి.

వడ్రంగులు ఇప్పుడు ప్లైవుడ్ అల్మారాల పనిలో ఉన్నారు, పీట అడిగితే కాస్త వింతగా చూస్తారు. అయినా చేస్తారు. మామిడి చెక్క చాలు, టేకు అక్కర్లేదు. అంచులు గుండ్రంగా చిత్రిక పట్టమనండి, వార్నిష్ వద్దనండి. మూడు చక్రాల బండి అయితే ఇరుసుకి గ్రీజు రాయొద్దని ముందే చెప్పండి, కొబ్బరినూనె సరిపోతుంది. చక్రం అరిగితే మార్చడానికి అతని కొట్టు మన వీధి చివరే ఉంటుంది.