రహదారులకిచ్చే అవార్డులు: ఎవరిస్తారు, ఏం చూసి ఇస్తారు?

గల్ఫ్‌లో నిర్మాణ రంగంలో ఉన్న తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే "మా ప్రాజెక్టుకి ఈసారి అవార్డు వచ్చిందండీ" అన్న మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. ఏ కంపెనీ ఆఫీసుకి వెళ్ళినా రిసెప్షన్‌లో అద్దాల బీరువా, అందులో వరసగా షీల్డులు కనిపిస్తాయి. కానీ ఆ అవార్డు ఎవరిచ్చారు, ఎలా ఎంపిక చేశారు, దానికి ఎంత విలువ ఇవ్వాలి అని అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్ళు తక్కువ. ఆ వివరాలన్నీ ఒకచోట చేర్చే ప్రయత్నమే ఈ వ్యాసం.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బీటెక్‌లో సివిల్ చదివి, ఇంగ్లండులో రవాణా ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేసి, మనలో చాలామందిలాగే చివరికి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాను. ప్రస్తుతం ఒమన్‌లోని సోహార్‌లో ఉంటూ నిర్మాణ సంస్థలకి ప్రాజెక్టు రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాను. అవార్డు దరఖాస్తుల్లో కనిపించే అంకెలు మాలాంటివాళ్ళ డేటాబేసుల్లోంచి వెళ్ళేవే కనుక ఈ వ్యవహారాన్ని లోపలినుంచి కొంత చూసే అవకాశం కలిగింది.

ముఖ్యమైన అవార్డులు

రోడ్ల విషయంలో అంతర్జాతీయంగా ఎక్కువగా వినిపించే పేరు గ్లోబల్ రోడ్ అచీవ్‌మెంట్ అవార్డులు. 1948లో ఏర్పడిన ఇంటర్నేషనల్ రోడ్ ఫెడరేషన్ వీటిని 2000 సంవత్సరం నుంచి ఇస్తోంది. డిజైన్, నిర్మాణ పద్ధతి, భద్రత, పర్యావరణం, నిధుల సమీకరణ, పరిశోధన వంటి విభాగాలకి వేరువేరుగా అవార్డులుంటాయి.

బ్రిటన్‌లో చార్టర్డ్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ హైవేస్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఉంది. 1930లో హైవే ఇంజనీర్ల సంఘంగా మొదలై 2009లో రాయల్ చార్టర్ పొందిన ఈ సంస్థ కూడా ప్రాజెక్టులకి అవార్డులిస్తుంది. అమెరికాలో సివిల్ ఇంజనీర్ల సంఘం 1960 నుంచి అత్యుత్తమ ప్రాజెక్టుని ఎంపిక చేస్తోంది. అక్కడి రాష్ట్రాల రహదారి శాఖల సమాఖ్య ఆష్టో 2008లో మొదలుపెట్టిన అవార్డుల్లో నిపుణులు ఎంచినది ఒకటైతే, ప్రజలు ఓటు వేసి ఎంచినది మరొకటి. ఇక వంతెనల వంటి కట్టడాలకి ఐ.ఏ.బి.ఎస్.ఇ. అనే అంతర్జాతీయ సంఘం ఇచ్చే అవార్డుకి మంచి గౌరవం ఉంది. ఫ్రాన్సులోని ప్రఖ్యాత మియో వంతెనకి 2006లో దక్కింది అదే.

మన దేశంలో 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇంజనీర్లు రాసిన ఉత్తమ పత్రాలకి పతకాలిచ్చే సంప్రదాయం నెలకొల్పింది. కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ 2018లో నేషనల్ హైవేస్ ఎక్సలెన్స్ అవార్డులు ప్రవేశపెట్టింది. ప్రాజెక్టు నిర్వహణ, రోడ్డు నిర్వహణ, భద్రత, టోల్ ప్లాజా నిర్వహణ, పచ్చదనం, క్లిష్ట పరిస్థితుల్లో చేసిన పని వంటివి ఇందులోని విభాగాలు.

ఇవి కాక నిర్మాణ సంస్థల్లో పనివాళ్ళ భద్రతకిచ్చే అవార్డులు వేరే ఉన్నాయి. బ్రిటన్‌కి చెందిన రోస్పా 1956 నుంచి ఇస్తున్నవి వాటిలో ప్రసిద్ధమైనవి. గల్ఫ్ కంపెనీల బీరువాల్లో ఇవి తరచు కనిపిస్తాయి.

ఎంపిక ఎలా జరుగుతుంది?

చాలామంది అనుకునేట్టు జ్యూరీవాళ్ళు ఊరూరా తిరిగి మంచి రోడ్డుని వెతికి పట్టుకోరు. సాధారణంగా కాంట్రాక్టరో, కన్సల్టెంటో, యజమాని శాఖో స్వయంగా దరఖాస్తు పంపాలి. దానికి ఇన్ని పేజీలని పరిమితి, ఫోటోలు, క్లయింటు నుంచి ఒక లేఖ, కొన్నిచోట్ల ప్రవేశ రుసుం ఉంటాయి. జ్యూరీ ఎక్కువగా ఆ కాగితాలు చదివే నిర్ణయిస్తుంది. కొన్ని అవార్డులకి మాత్రమే స్వయంగా వచ్చి చూసే పద్ధతి ఉంది.

దీంట్లోంచి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, "ఉత్తమ రహదారి" అంటే దరఖాస్తు పెట్టుకున్నవాటిలో ఉత్తమమైనదని అర్థం. రెండోది, చాలా అవార్డులు ఈమధ్యే పూర్తయిన ప్రాజెక్టుల కోసం ఉద్దేశించినవి. అంటే రోడ్డు ఇంకా కొత్తగా మెరుస్తున్నప్పుడే తీర్పు వెలువడుతుంది. కట్టినవాళ్ళ నైపుణ్యం, గడువులోగా పూర్తిచేసిన క్రమశిక్షణ అప్పటికే కనిపిస్తాయి, వాటిని మెచ్చుకోవడం న్యాయమే. కానీ ఆ రోడ్డు మనుషుల్ని ఎంత క్షేమంగా ఇంటికి చేరుస్తుందన్నది ఆనాటికి ఎవరికీ తెలియదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మా ఊరి పక్క రోడ్డు, మన ఊరి చుట్టూ రోడ్డు

1970 నాటికి ఒమన్ దేశం మొత్తం మీద తారు రోడ్డు సుమారు పది కిలోమీటర్లు. అలాంటి దేశంలో మస్కట్ దగ్గరి హల్బాన్ నుంచి ఎమిరేట్స్ సరిహద్దులోని ఖత్మత్ మలాహా దాకా, ఒక్కో వైపు నాలుగేసి లేన్లతో, సుమారు 270 కిలోమీటర్ల బాతినా ఎక్స్‌ప్రెస్‌వే 2018 మే నెలలో పూర్తిగా తెరుచుకుంది. సోహార్ పోర్టు లారీలకీ, మస్కట్‌కీ దుబాయికీ వెళ్ళే మనబోటివాళ్ళకీ ఇది పెద్ద వరం.

అయితే ఈ రోడ్డుకి ఒక పరీక్ష ఎప్పుడూ ఉంటుంది. ఒక పక్క హజర్ కొండలు, ఇంకో పక్క సముద్రం. వాన కురిస్తే ఎండు వాగులు, ఇక్కడివాళ్ళ మాటలో వాదీలు, కొండల మీంచి ఒక్కసారిగా ఉరికి రోడ్డుకి అడ్డంగా సముద్రంలోకి పోతాయి. 2021 అక్టోబర్ 3న షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని తాకినప్పుడు సోహార్‌కి దక్షిణాన ఉన్న ఖాబూరాలో ఒక్క రోజులో 300 మిల్లీమీటర్లకి పైగా వాన పడింది. ఈ ప్రాంతంలో రోడ్డు ఎలా కట్టారో తెలియాలంటే చూడవలసింది అలాంటి రోజునే. ఏ కల్వర్టు నీళ్ళని పోనిచ్చింది, ఏది పోనివ్వలేదు, ఎన్ని గంటలు రోడ్డు మూతపడింది, అంబులెన్సు ఎంతసేపట్లో చేరగలిగింది అన్న లెక్కలు తీస్తే అంతకు మించిన జ్యూరీ ఉండదు.

మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు కూడా సరిగ్గా 2018లోనే చివరి ముక్క పూర్తయి, 158 కిలోమీటర్ల వలయంగా మారింది. ఎనిమిది లేన్ల ఈ రోడ్డు మీద మొదట గంటకి 120 కిలోమీటర్ల వేగం అనుమతించారు, తర్వాత 100కి తగ్గించారు, మళ్ళీ 2023లో 120కి పెంచారు. రోడ్డు మారలేదు గానీ దాన్ని వాడే నియమం మారుతూ వచ్చింది. ప్రారంభోత్సవం రోజున ఇచ్చే ఏ షీల్డూ ఇలాంటి నిర్ణయాల ఫలితాన్ని ముందుగా చెప్పలేదు.

చిన్న వివరం ఎంత పెద్ద విషయమో మనకి పాలెం నేర్పింది. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర రోడ్డు అంచున ఉన్న కల్వర్టు గోడని గుద్దుకుంది. మంటలు చెలరేగి 45 మంది సజీవదహనమయ్యారు. కల్వర్టు గోడ రోడ్డుకి ఎంత దూరంలో ఉంది, దాని ముందు వాహనాన్ని పక్కకి మళ్ళించే క్రాష్ బ్యారియర్ ఉందా లేదా అన్నవి అవార్డు దరఖాస్తులోని అందమైన ఫోటోల్లో కనిపించే సంగతులు కావు.

ప్రాణాల లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల 90 వేల మంది చనిపోయారు. భారతదేశంలో 2022లో అధికారిక లెక్క 1,68,491. రోడ్డు భద్రతని "ప్రపంచ సంక్షోభం" అన్న పేరుతో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ముందుకి 2003లో తీర్మానంగా తెచ్చింది ఒమనే అన్నది గమనించదగ్గ విషయం. ఇదే ఒమన్‌లో 2012లో ఏడాదికి పదకొండు వందల మందికి పైగా రోడ్ల మీద ప్రాణాలు కోల్పోతే, 2022, 2023లలో ఆ సంఖ్య ఆరువందలకి లోపే ఉంది. కెమెరాలు, జరిమానాలు, మెరుగైన రోడ్లు, వైద్య సదుపాయాలు అన్నీ కలిసి సాధించిన మార్పు ఇది. దీనికి ఏ ఒక్క కంపెనీ పేరున షీల్డు ఇవ్వడం కుదరదు.

కట్టేవాళ్ళ ప్రాణాలదీ ఇలాంటి కథే. భద్రత అవార్డుల్లో ఎక్కువగా చూసే అంకె, పనికి అంతరాయం కలిగించిన గాయం లేకుండా ఎన్ని లక్షల పనిగంటలు గడిచాయన్నది. మంచి ఉద్దేశంతో పెట్టిన కొలమానమే. కానీ ఒక సైటులో నా కళ్ళతో చూశాను. వేలు నలిగిన కుర్రవాణ్ణి గదికి పంపకుండా సైటాఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. హాజరు పడింది కనుక లెక్కలో గాయం లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చేస్తుంది? ఇచ్చిన సున్నాని సున్నాగానే చూపిస్తుంది.

జగిత్యాల నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటర్ తమ్ముడు నాతో అన్న మాట మరిచిపోలేను. "మా కంపెనీకి ప్రైజొచ్చిందంట గద అన్నా. ఆ దినం మాకు బిర్యానీ పెట్టిన్రు. దేనికొచ్చిందో మాత్రం ఎవ్వలు జెప్పలే." చెప్పి ఉంటే అతని చేతిపనికి అతనే గర్వపడేవాడు కదా!

మనుషులకిచ్చే గౌరవం

స్వర్ణ చతుర్భుజి రహదారి నెల్లూరు, విజయవాడ, రాజమండ్రి, విశాఖ మీదుగా మన నేలని కూడా తాకుతూ వెళుతుంది. అదే ప్రాజెక్టులో బీహార్ వైపు పనిచేసిన ఐఐటీ కాన్పూర్ సివిల్ ఇంజనీరు సత్యేంద్ర దూబే పనుల్లో అవకతవకల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరారు, అది ఉండలేదు. 2003 నవంబర్ 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ కోసం జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది. 2010లో ముగ్గురికి శిక్ష పడింది. ఆ మరణం రేపిన ఆవేదన, అక్రమాలు బయటపెట్టేవారి రక్షణకి 2004లో ప్రభుత్వ ఉత్తర్వుకీ, 2014లో చట్టానికీ దారితీసింది. వృత్తిలో నిజాయితీ చూపిన పూర్వ విద్యార్థులకి ఐఐటీ కాన్పూర్ ఆయన పేరు మీద అవార్డు ఇస్తోంది. రహదారులతో ముడిపడిన అవార్డుల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోచేది ఇదే.

ఇంకొక ఉదాహరణ మన తెలుగు ఆడపడుచుది. 2025 జూన్ 6న ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెన నదిపై 359 మీటర్ల ఎత్తున నిలుస్తుంది. కాకినాడ జెఎన్‌టీయూలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్ చదివిన ఐఐఎస్సీ ప్రొఫెసర్ మాధవీలత కొండవాలు స్థిరత్వం, పునాదుల విషయంలో 17 ఏళ్ళు ఆ ప్రాజెక్టుకి సలహాదారుగా ఉన్నారు. దేశమంతా ఆమెని పొగుడుతుంటే, ఈ ఘనత వేలమందిదనీ, తాను అందులో ఒకరిననీ ఆమె రాశారు.

మన కెరీర్ దృష్టితో

ఒక ఆచరణాత్మక విషయం. అమెరికా ఈబీ-1 వీసా వర్గంలో అసాధారణ ప్రతిభ కింద దరఖాస్తు చేసేవారికి ఉన్న పది ప్రమాణాల్లో జాతీయ, అంతర్జాతీయ గుర్తింపు గల అవార్డు మొదటిది. అయితే కంపెనీకి వచ్చిన అవార్డు దానంతట అది మీ అవార్డు అయిపోదు. అందులో మీ పాత్ర ఏమిటో కాగితం మీద రుజువు ఉండాలి. కనుక ప్రాజెక్టు నడుస్తున్నప్పుడే మీరు చేసిన డిజైన్, సంతకం చేసిన రిపోర్టు, క్లయింటు రాసిన లేఖ భద్రం చేసుకోండి. డబ్బు కడితే చాలు, దాదాపు అందరికీ అవార్డులిచ్చే సంస్థలూ ఉన్నాయి. వాటి జోలికి పోకుండా ఉండటం మంచిది.

అడగవలసిన అయిదు ప్రశ్నలు

ఇకమీదట ఎవరైనా "అవార్డు పొందిన ప్రాజెక్టు" అంటే ఇవి అడిగి చూడండి.

1. ఇచ్చినది వృత్తి సంఘమా, ప్రభుత్వమా, వ్యాపార సంస్థా?
2. జ్యూరీలో ఎవరున్నారు? వాళ్ళు రోడ్డుని చూశారా, కాగితాలనా?
3. ఏ విభాగంలో వచ్చింది? డిజైన్‌కి వచ్చినది భద్రతకి వచ్చినట్టు కాదు.
4. రోడ్డు తెరిచిన ఎన్నాళ్ళకి ఇచ్చారు?
5. ఆ రోడ్డు మీద, ఆ పనిలో ఎంతమంది చనిపోయారో, గాయపడ్డారో ఎవరైనా లెక్కపెట్టారా?

సోహార్‌ని అబుదాబితో కలిపే హఫీత్ రైలు మార్గం ఒప్పందం 2022లో కుదిరింది. అది పూర్తయ్యాక దానికీ అవార్డులు వస్తాయి, రావాలి కూడా. ఆ దరఖాస్తు రాసే పని మనలో ఎవరి మీదైనా పడవచ్చు. అప్పుడు ఎంత పొడవు, ఎంత ఖర్చు అన్న అంకెలతో పాటు గాయపడినవారి నిజమైన లెక్క కూడా రాయండి. అవార్డు వస్తే, అది దేనికి వచ్చిందో లేబర్ క్యాంపుకి వెళ్ళి వాళ్ళ భాషలో చెప్పండి. మీ ప్రాజెక్టుల్లో ఇలాంటి మంచి పద్ధతులు ఉంటే మాతో పంచుకోండి. మిగతావారికి అది దారి చూపుతుంది.