హిబా చెల్లని కొండ

మన ఇళ్లల్లో పెళ్లాం పేర ఏదైనా పెట్టాలంటే ముందు గుర్తొచ్చేది హిబా. ఆయన ఇచ్చానంటాడు, ఆమె తీసుకున్నానంటుంది, జాయిదాద్ ఆమె చేతికొస్తుంది. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు. మైదానంలో తరతరాలుగా నడుస్తున్న పద్ధతి ఇది. అరకులో నడవదు.

కారణం ఏజెన్సీ చరిత్రలో ఉంది. 1839లో కుంఫిణీ ప్రభుత్వం గంజాం, విశాఖ కొండల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి ఏజెంటు చేతిలో పెట్టింది. అప్పు పేరుతో భూమి రాయించుకునే షావుకారు ఆగలేదు. ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి భూమి బయటివాళ్లకు పోకూడదని 1917లో చట్టం చేశారు. అయినా పోయింది. 1959లో రెగ్యులేషన్ వచ్చింది. శ్రీకాకుళం కొండలు రగిలాక, 1970లో దాన్ని బిగించారు. అదే 1/70. అప్పట్నుంచి గిరిజనేతరుడు తన సొంత స్థలాన్నయినా గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప ఇవ్వకూడదు. 1988లో సుప్రీంకోర్టు కూడా ఇది సరైనదేనంది. నేనూ అదే అంటాను. మనకు ఇబ్బందిగా ఉంది కాబట్టి 1/70 పోవాలనే సాయిబు షావుకారు పక్కన నిలబడ్డట్టే.

కానీ ఇబ్బంది ఉంది. అది పడేది బేవా మీద.

బదలాయింపు అంటే అమ్మకం, తాకట్టు, కౌలు, మార్పిడి, దానం అని రెగ్యులేషన్ చెప్తుంది. హిబా దానమే, కాబట్టి చెల్లదు. వీలునామాను మాత్రం ఆ మాటలోంచి మినహాయించింది. హిందువైనా క్రైస్తవుడైనా తన స్వార్జితమంతా వీలునామాతో భార్యకు రాసిపోగలడు. సాయిబుకు ఆ తలుపు దగ్గర ఇంకో గడియ ఉంది. హనఫీ షరియత్‌లో వసీయత్ మూడో వంతు దాటకూడదు. భార్య వారిసు కాబట్టి ఆమెకు రాసింది, మిగతా వారిసులు ఆయన పోయాక ఒప్పుకుంటేనే నిలుస్తుంది. లేకపోతే పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు.

పిల్లల్లేని జంటనే తీసుకోండి. అరకులో ఇద్దరూ కలిసి దుకాణం నడిపారు. స్థలం పాత పట్టా, ఆయన పేర. ఆయన పోయాడు. ఆమెకు నాలుగో వంతు, తక్కిన మూడు వంతులు ఆయన తమ్ముడికి. కిందైతే మరిది తన వాటా వదినకు అమ్మొచ్చు, హిబా చెయ్యొచ్చు. ఇక్కడ మనసున్నా అమ్మలేడు, ఇవ్వలేడు. ఇద్దరూ గిరిజనేతరులే!

అందుకే కొండమీద కాపురమున్న సాయిబు వసీయత్ రాసి తీరాలి. వారిసులు తర్వాత ఒప్పుకుంటే అది అమ్మకం కాదు, దానం కాదు. చనిపోయినవాడి మాట నిలబెట్టడం. రాసిన కాగితమే లేకపోతే వాళ్లు దేనికి ఒప్పుకోవాలి?

2023 మార్చి 8న కేరళలో షుక్కూర్, షీనా దంపతులు తమ ముగ్గురు ఆడపిల్లల కోసం 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద మళ్లీ పెళ్లి నమోదు చేయించుకున్నారు. అలా చేస్తే వారసత్వం షరియత్ నుంచి 1925 చట్టం కిందికి మారుతుంది, ఆస్తంతా వీలునామాగా రాయొచ్చు. ఆ దారి ఉంది. అందరూ పోరు, పొమ్మనడానికి నేనెవర్ని?

షరియత్ లోపలే ఇంకొకటుంది. ఇవ్వని మెహర్ అప్పు కింద లెక్క. పంపకానికి ముందే తీర్చాలి. కానీ మన నిఖానామాల్లో ఆ అంకె ఎంత రాస్తున్నాం?