సంక్లిష్ట భగందరం: కోలారు గనుల సీమ నుంచి ఒక పరిశీలన

మలద్వారం లోపలి గోడ నుంచి వెలుపలి చర్మం దాకా చీముతో తొలుచుకుపోయే సొరంగాన్ని వైద్యగ్రంథాలు భగందరమనీ, జనం లూటి అనీ అంటారు. అది పైపైన ఉంటే నిలువునా తెరిచి మాననిస్తే చాలు. మలాన్ని నిలిపి ఉంచే వలయ కండరాన్ని చాలా మేర దాటిపోయినా, కొమ్మలుగా చీలినా, క్షయ వంటి వ్యాధి మూలంగా వచ్చినా అది సంక్లిష్టమవుతుంది. అప్పుడు కోతతో పుండు మానినా మలంపై అదుపు పోయే ప్రమాదం ఉంది.

క్షయ మాట వచ్చినప్పుడు కోలారు బంగారు గనులను తలచుకోక తప్పదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన ఆ గనుల్లో తెలుగు, తమిళ కార్మికులు పీల్చిన రాతిధూళి ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్‌ను తెచ్చిందని 1940లలోనే నమోదైంది. సిలికోసిస్ క్షయ ముప్పును పెంచుతుంది గనుక, ఈ సీమలో తిరగబెట్టే భగందరాన్ని కోసే ముందు కణజాలాన్ని పరీక్షించడం తప్పనిసరి, క్షయ తేలితే మందులే మొదటి చికిత్స.

భగందరాన్ని సుశ్రుతుడు విపులంగా వర్ణించాడు. గ్రీకు వైద్యులు గుర్రపు వెంట్రుకతో పేనిన దారాన్ని సొరంగంలో కట్టేవారు. పదకొండో శతాబ్దపు చక్రదత్తుడు చెప్పిన మందుదారాన్ని 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పి. జె. దేశ్‌పాండే బృందం పునరుద్ధరించింది. నారదారానికి జెముడుపాలు పదకొండు పూతలు, ఆ పాలతోనే ఉత్తరేణి క్షారం ఏడు, ఆ పాలతోనే పసుపు మూడు వేసి ఆరబెట్టేదే ఈ క్షారసూత్రం. ఇదీ కండరాన్ని కోస్తుంది, కాని కోసిన చోటు వెంటవెంటనే మానుతుంది గనుక కండరపు అంచులు దూరంగా విడిపోవు. 1991లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి పరీక్షలో క్షారసూత్రం తర్వాత 4 శాతం, శస్త్రచికిత్స తర్వాత 11 శాతం మందిలో వ్యాధి తిరగబెట్టింది. మానడానికి పట్టిన కాలం మాత్రం 8 వారాలు, 4 వారాలు. అయితే ఆ అంకెలు భగందరం మొత్తానివి, సంక్లిష్ట రకానికే చెందినవి కావు.

సొరంగం కండరాన్ని దాటే తీరును బట్టి 1976లో శస్త్రవైద్యుడు పార్క్స్ చేసిన వర్గీకరణ తర్వాత, కండరాన్ని కోయని పద్ధతులపై శ్రద్ధ పెరిగింది: లోపలి రంధ్రాన్ని పేగుపొరతో కప్పడం, బిరడా పెట్టడం, సన్నని కెమెరాతో సొరంగంలోకి చూస్తూ కాల్చడం. 2007లో థాయిలాండ్‌కు చెందిన అరుణ్ రోజనసకుల్ లోపలి, బయటి వలయ కండరాల నడిమి సందులో సొరంగాన్ని ముడివేసి తెంచే లిఫ్ట్ పద్ధతిని వెల్లడించాడు. 2018లో యూరప్ అనుమతించిన మూలకణాల మందు మలి పరీక్షలో నిలవక 2024లో ఉపసంహరణకు గురైంది.

2001లో కోలారు గనులు మూతపడ్డాక ఎందరో రోజూ రైల్లో బెంగళూరుకు పనికి పోతున్నారు. వారికి వారంవారం క్షారసూత్రం మార్పించుకోవడమంటే ప్రతిసారీ ఒక కూలిరోజు పోవడమే, కాబట్టి ఇక్కడ లిఫ్ట్‌ను ముందుగా యోచించడం న్యాయం; అది విఫలమైనా మిగిలే సొరంగం తరచు పొట్టిదై, బయటి కండరాన్ని దాటనిదై ఉంటుంది గనుక రెండోసారి తెరవడం తేలిక.