రైఫిల్ బారెల్ శుభ్రత: పనిముట్లు, పద్ధతుల చరిత్ర

రైఫిల్ బారెల్ లోపలి మెలి గాడుల్లో పేరుకున్న మసి, ఉప్పు, లోహపు పూత తీసి, తుప్పు పట్టకుండా కాపాడే పనిని బారెల్ శుభ్రత అంటారు. భిలాయి ఉక్కు కర్మాగారానికి కాపలా కాసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం జవాన్లకు ఇది శిక్షణలో మొదట్లోనే నేర్పే పాఠం. ఏ కాలంలోనైనా పనిముట్టును నిర్ణయించింది గొట్టంలో మిగిలే మురికే.

పాతకాలపు తుపాకిమందు కాలాక సగానికి పైగా మసిగానే మిగిలేది. అది తేమ పీల్చి ఇనుమును తినేసేది. అందుకే కడ్డీకి గుడ్డ చుట్టి వేడినీళ్లతో కడిగేవారు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాకు కొవ్వు పూసింది కూడా మసి పట్టిన గొట్టంలోకి అది సులువుగా దిగడానికే. ఆ కొవ్వుపై సిపాయిలకు కలిగిన అనుమానాలే 1857 తిరుగుబాటును రాజేశాయి.

1888 నుంచి బ్రిటిష్ సైన్యానికి .303 రైఫిళ్లు వచ్చాయి. వాటిలో కొంతకాలానికి వాడిన పొగలేని కార్డైట్ మందుతో మసి తగ్గింది కాని, కొత్త శత్రువు తూటా మందుకు నిప్పంటించే ప్రైమర్‌లో దాగి ఉంది. అందులోని పొటాషియం క్లోరేట్ మండి పొటాషియం క్లోరైడ్‌గా మారేది. ఇది వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. నూనె మాత్రమే రాసి వదిలేసిన బారెల్ పైకి నిగనిగలాడినా, వానాకాలపు తేమకు లోపల తుప్పు మచ్చలు తేలేవి. కాల్చిన రోజే గరాటుతో మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించాలన్న నియమం అలా పుట్టింది. ఇది సైనిక ఛాందసం కాదు, అచ్చమైన రసాయన శాస్త్రం.

ఆ .303 రైఫిల్ మడమలోని అరలోనే ఇత్తడి నూనె సీసా, పుల్‌త్రూ ఉండేవి. పుల్‌త్రూ అంటే ఒక కొన ఇత్తడి బరువు, మరో కొన గుడ్డ కట్టే ఉచ్చులు ఉన్న తాడు. గుడ్డ కొలత 4 అంగుళాలు, 2 అంగుళాలు. తాడును వెనకనుంచి మూతివైపు తిన్నగా లాగాలి. వంకరగా లాగితే మూతి అంచు ఒకవైపు అరిగి గురి చెడుతుంది. శుభ్రం చేయకపోవడం వల్లే కాదు, తప్పుగా శుభ్రం చేయడం వల్ల కూడా మంచి రైఫిళ్లు పాడయ్యాయి.

తరువాత ఉప్పు మిగల్చని ప్రైమర్లు వచ్చాయి. భారత సైన్యపు ఇన్సాస్ వంటి రైఫిళ్ల బారెల్ లోపల క్రోమియం పూత చేరింది. ఇప్పుడు ప్రధానంగా వదిలించాల్సింది తూటా తొడుగు నుంచి గొట్టానికి అంటుకునే రాగి. దానికి అమ్మోనియా కలిసిన ద్రావకం, కంచు బ్రష్షు వాడతారు. ఉక్కు కన్నా మెత్తన కాబట్టి కంచు గాడులను గీరదు. అతుకుల్లేని ఒంటి కడ్డీ, అది పక్కకు ఒరగకుండా పట్టే గొట్టం ఉంటే ఇంకా మేలు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మందే ఉండదు. 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు వదిలే మరకలకు ఉన్ని దిమ్మెలు చాలు, లోహపు బ్రష్షు అక్కర్లేదు.

ఏ రైఫిల్‌కైనా ముందు తూటా లేదని కళ్లారా చూసుకోవాలి. కాల్చబోయే ముందు పొడి గుడ్డతో నూనె తుడిచేయాలి. నూనె మిగిలిన గొట్టం నుంచి మొదటి తూటా గురి తప్పుతుంది.