జవాబు ముందే రాయని ఆట

ఆటగాడికి ఒక చిక్కు పెట్టేటప్పుడు, దాన్ని విప్పే దారిని కూడా ముందే తేల్చిపెట్టాలా? బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలను తయారుచేసేవారి మధ్య ఇది ఎడతెగని వాదం. సోలాపూర్‌లోని జోడ్‌భావి పేట్ నేతవారికి ముందే తేల్చిపెట్టడమంటే ఏమిటో తేలిగ్గా అందుతుంది: మగ్గం మీద నమూనాను నిర్ణయించే జకార్డ్ అట్టలకు చిల్లులు పడ్డాక దుప్పటి మీద పువ్వు మారదు. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్‌విట్జ్ అందించిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడ అలాంటిదే. ఏ దాడికి ఎంత నష్టమో పాచికలూ పట్టికలూ చెప్పేవి. అసలు యుద్ధంలో పట్టికకు అందని ఎత్తులే ఎక్కువ. అందుకే 1876లో అదే సైన్యానికి చెందిన వెర్డీ దు వెర్నువా పట్టికలను పక్కనపెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తికి తీర్పు అప్పగించాడు.

నా దృష్టిలో రోల్‌ప్లేయింగ్ ఆట పుట్టుక రహస్యం ఆ మధ్యవర్తే. ఆటగాడు ఏమైనా ప్రయత్నించవచ్చు, ఫలితం మధ్యవర్తి చెబుతాడు అనే సూత్రం 1880లో చార్లెస్ టాటెన్ రాసిన ‘స్ట్రాటెగోస్’ ద్వారా అమెరికాలో డేవిడ్ వెస్లీకి చేరింది. 1969 ప్రాంతంలో ఆయన నడిపిన ‘బ్రౌన్‌స్టైన్’ ఆటలో సేనలతోపాటు ఊరి పెద్దల పాత్రలూ ఉన్నాయి. ఆటగాళ్లు ఆయన అనుకోని పనులన్నీ చేశారు. ఆట చెడిందనుకున్నాడు వెస్లీ; వాళ్లు మాత్రం మళ్లీ ఆడదామన్నారు. వారిలో ఒకరైన డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చాడు.

అంతా మధ్యవర్తి ఇష్టమైతే న్యాయం ఎక్కడుంటుందన్న అభ్యంతరం బలమైనదే. 1975లో గైగాక్స్ పోటీ కోసం ‘టూమ్ ఆఫ్ హారర్స్’ అనే ఆట ఘట్టాన్ని సిద్ధం చేశాడు, జట్లను పోల్చాలంటే అందరికీ ఒకే ఉచ్చులు ఉండాలి కదా. అయితే అక్కడ ఉచ్చులు ఒకటే అయినా, తప్పించుకునే ఉపాయం జట్టు జట్టుకూ మారవచ్చు. మన అవధానం ఈ మర్మాన్ని ఎప్పుడో పట్టుకుంది. సమస్యాపూరణలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు పద్యపాదం ఒక్కటే ఇస్తాడు, పూరణ అవధానిది. అక్షరాలను నిషేధిస్తూ పోయే నిషిద్ధాక్షరిలో అవధాని అక్షరం పలికాకే తర్వాతి నిషేధం పుడుతుంది. నియమం లేకపోతే రెండింటిలోనూ పరీక్షే లేదు. జవాబు ముందే ఖాయమైతే తిరుపతి వేంకట కవుల అవధాన సభలకు అంత పేరు వచ్చేది కాదు. కాబట్టి ఆట కట్టేవారు చిక్కును గట్టిగా బిగించాలి, జవాబును మాత్రం బిగించకూడదు. ఎవరూ ఊహించని ఉపాయానికి చోటులేని ఆటలో ఆటగాడికి మిగిలేది ఊహించే పనే, ఆలోచించే పని కాదు.