సూచికకెక్కని పుటలు: వెబ్ వెతుకులాట చరిత్రలో తెలుగు

వెబ్‌లో ఉన్న పుట వెతికితే ఎందుకు దొరకడం లేదన్న ప్రశ్న సెర్చ్ ఇంజన్లంత పాతదే గాని, దానికి జవాబు వెతకవలసిన చోటు మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1993 నవంబరులో మార్టిన్ కోస్టర్ ప్రకటించిన అలివెబ్‌లో ఆ భారమంతా సైటు యజమానిదే. తన పుటల వివరాలను ఒక ఫైలులో రాసి, అది ఎక్కడుందో తెలియజేసినవారి పుటలే అందులో చేరేవి. మరుసటి ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ పింకర్టన్ రూపొందించిన వెబ్‌క్రాలర్, లింకు నుంచి లింకుకు తనంతట తానే వెళ్తూ పుటల పూర్తి పాఠాన్ని చదివి, ఏ మాట ఏ పుటలో ఉందో తెలిపే ఇండెక్స్‌ను, అంటే సూచికను, కట్టుకునేది. ఇలా తిరిగే ప్రోగ్రాములకు క్రాలర్లన్న పేరు స్థిరపడింది. యజమాని ప్రమేయం లేకుండానే పుట సూచికకెక్కే వీలు కలిగింది, ఎక్కకపోతే కారణం అతనికి నేరుగా తెలిసే దారి మాత్రం మూసుకుపోయింది.

అదే 1994లో, క్రాలర్ల తాకిడికి సర్వర్లు నీరసిస్తున్న దశలో, కోస్టరే రోబోట్స్ ఫైలు అనే ఒప్పందాన్ని ప్రతిపాదించాడు. ఏ భాగాల్లోకి రాకూడదో క్రాలర్‌కు చెప్పే చిన్న పాఠ్యఫైలు అది. అందులో నిషేధాన్ని తెలిపే పంక్తి ఖాళీగా ఉంటే సైటంతా తెరిచి ఉన్నట్టు, అదే పంక్తిలో ఒక్క ఏటవాలు గీత పడితే సైటంతా మూసేసినట్టు. నిర్మాణ దశలో పెట్టిన ఆ గీతను తర్వాత తీసెయ్యడం మరచిపోతే ఎంత పెద్ద సైటైనా సూచికలోంచి జారిపోతుంది. ఇందులో ఇంకొక మెలిక కూడా ఉంది: పుటను సూచికలో చేర్చవద్దన్న గుర్తును ఆ పుటలోనే పెట్టి, రోబోట్స్ ఫైలులో దాని దారి కూడా మూస్తే, క్రాలర్ లోపలికి రాలేదు గనుక ఆ గుర్తును చూడనే చూడదు, ఇతర సైట్ల లింకుల వల్ల పుట చిరునామా మాత్రం ఫలితాల్లో కనబడవచ్చు.

తొలి దశాబ్దంలో కారణం తెలుసుకోవడానికి ప్రధాన ఆధారం సర్వరు లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏ పుట అడిగారో, సర్వరు ఏ సంఖ్యతో బదులిచ్చిందో వరుసగా నమోదయ్యే దినచర్య. క్రాలర్ పేరు అందులో లేకపోతే అది రానే లేదని, పేరు పక్కన 404 ఉంటే వచ్చినా పుట దొరకలేదని అర్థం. రాకపోవడం అప్పట్లో వింతేమీ కాదు. స్టీవ్ లారెన్స్, లీ గైల్స్ 1999లో వేసిన అంచనా ప్రకారం సుమారు 80 కోట్ల పుటల వెబ్‌లో ఏ ఒక్క సెర్చ్ ఇంజనూ 16 శాతానికి మించి సూచికకెక్కించలేదు. 2005 జూన్‌లో గూగుల్ సైట్‌మ్యాప్స్‌ను ప్రవేశపెట్టడంతో యజమాని తన పుటల జాబితాను తానే అందించే పద్ధతి ఒక విధంగా తిరిగివచ్చింది. మరుసటి ఏడాది యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా ఆ పద్ధతిని అంగీకరించగా, పుటల స్థితిని యజమానికి తెలిపే గూగుల్ పరికరాలు వెబ్‌మాస్టర్ టూల్స్‌గానూ, 2015లో సెర్చ్ కన్సోల్‌గానూ పేరు మార్చుకున్నాయి.

ఈ పరికరాలేవీ పట్టుకోలేని లోపం ఒకటి భారతీయ భాషల్లో ఉండేది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కినా, 2000 తర్వాత కూడా చాలాకాలం తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతోనే నడిచాయి. యూనికోడ్‌లో ‘తె’ అంటే తకారం, దాని వెంట ఎత్వం. ఏ కంప్యూటరులోనైనా ఇదే వరుస. సొంత ఫాంట్లలో అక్షరానికి బదులు తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి ఆకారపు ముక్కలను ఆంగ్లాక్షరాలకూ ఐరోపా భాషల గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో ఇరికించేవారు; ఒక ఫాంటులో ఒకే ముక్కగా ఉన్న ‘తె’ మరొక ఫాంటులో రెండు ముక్కలు కావచ్చు. చదువరి తెరమీద తెలుగే కనబడేది, క్రాలర్‌కు మాత్రం అర్థంలేని లాటిన్ గుర్తుల దొంతర అందేది. అందువల్ల క్రాలర్ వచ్చినా, సర్వరు సక్రమంగా బదులిచ్చినా, పుట సూచికకెక్కినా, తెలుగులో టైపు చేసి వెతికినవారికి అది దొరికేది కాదు. పరికరాల లెక్కలో అక్కడ లోపమే లేదు. తెలుగు వెబ్ అన్నిటికన్నా ఎక్కువగా నష్టపోయింది ఈ నిశ్శబ్దపు లోపం వల్లనే అనడం అతిశయోక్తి కాదు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు జోడించుకునే ‘పద్మ’ అటువంటి పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపినా, ఆ మార్పు చదువరి కంప్యూటరులోనే జరిగేది గనుక సెర్చ్ ఇంజన్‌కు దానివల్ల ఒరిగిందేమీ లేదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు రావడం, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుకావడం, తర్వాతి ఏళ్లలో బ్లాగులు పెరగడం యూనికోడ్ తెలుగుకు ఊపునిచ్చాయి. పత్రికలు ఆ దారికి నెమ్మదిగా వచ్చాయి.

ముద్రిత పుస్తకాల సంగతి వేరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాల పుటలు బొమ్మలుగానే నిలిచాయి. వాటి పేర్లు రోమన్ లిపిలో, తరచు తప్పుడు వర్ణక్రమంతో నమోదైనందువల్ల, పేరు కచ్చితంగా తెలిసినవారికి సైతం పుస్తకం దొరకడం కష్టమయ్యేది. తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందంగా పనిచేసేవారు ఆ పేర్లను తెలుగు లిపిలో తిరగరాసి, రచయితల వివరాలు చేర్చి, జాబితాలుగా పేర్చసాగారు.